గూఢచారరూపకములందు స్నేహము

టెలివిజనునందు బ్రదర్శింపబడు నేరపరిశోధన రూపకములను, గూఢచార రూపకములను గూర్చి సాహిత్యపరిశోధన పత్రికలో వ్రాయబూనుట కొందఱు విద్వాంసులకు వింతగా దోపవచ్చును. అవి యలసినవారి కాలక్షేపమునకై పుట్టినవనియు, రహస్యము బయలుపడినంతనే చెఱకుపిప్పివలె బాఱవేయదగినవనియు, వానియందు రసచర్చకు దావు లేదనియు బండితులు సామాన్యముగ దలంచుచుందురు. ఈ తలంపు కేవలము నిరాధారము గాదు. కాని యీ న్యాయముననే తీర్పు చెప్పవలసివచ్చినచో మన సంస్కృతనాటకములలో నొక మహానాటకమునకు సైతము ముప్పు వాటిల్లును. విశాఖదత్తుని ముద్రారాక్షసము మొదటినుండి తుదివఱకు గూఢచారుల కథయే గదా! అందు శృంగారము లేదు, నాయిక లేదు. దొరకిన యుంగరము, దొంగలేఖ, మాఱువేషములు, విషప్రయోగములు, వధ్యస్థానము గలవు. దానిని బాఠశాలలలో బోధించుచు, అదేజాతికి జెందిన నేటి రూపకములను జూడకయే త్రోసివేయుట విమర్శధర్మము గానేరదు. మన శిష్యులు సాయంకాలములందు వానినే చూచుచున్నారు. వానిలో నేది మంచిది, యేది చెడ్డది యని వారడిగినపుడు సమాధానము చెప్పుటకు మనకొక కొలబద్ద యుండవలదా?

అట్టి కొలబద్దను వెదకుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము. నేను సాధింపదలచిన దొక్కటి. గూఢచారరూపకమునకు బ్రాణము రహస్యము గాదు, స్నేహము. ఒకని ప్రేమను మఱియొకడు పనిముట్టుగ వాడుకొనునపుడు, ప్రేమించినవాని కేమగును, వాడుకొన్నవాని కేమగును అను ప్రశ్నమే యీ రూపకజాతికి మూలకందము. ఆ ప్రశ్నమునకు లెక్క యొప్పజెప్పిన రూపకము నిలుచును. తప్పించుకొన్నది, యెంత నేర్పుతో నల్లినదైనను, రెండవమాఱు చూడ దగదు.

ముందుగా నేరపరిశోధనమునకును గూఢచారమునకును గల భేదమును గుర్తింపవలయును. అపరాధపరిశోధకుడు జరిగిపోయినదానిని వెదకును. అతడు నేరము జరిగిన యింటికి వెలుపలనుండి వచ్చినవాడు. సత్యము దేలినంతనే సెలవు తీసికొని వెడలిపోవును. మన దేశమున 1993లో బాసు చటర్జీ దర్శకత్వమున దూరదర్శనునందు వెలువడిన "బ్యోమకేశ్ బక్షీ" రూపకములును, తెలుగునవలలలో గొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరుని కథలును నీ జాతివే. గూఢచారి యట్లు గాడు. అతడు లోపల నివసించును. మిత్రుడై, భృత్యుడై, యొక్కొక్కచో భర్తయై, తాను మోసగింపవలసినవారి యన్నము దినుచు వారితో గలిసి నవ్వుచుండును. పరిశోధకుని కథయందు సత్యము తుదిని వచ్చు ఫలము. గూఢచారి కథయందు దినదినమును నిలుపుకొనవలసిన యసత్యమే జీవనము. కావున మొదటిదానియందు బుద్ధికి గల ప్రాధాన్యము రెండవదానియందు హృదయమునకు గలుగుచున్నది.

అయినను, కుతూహలమే యీ రూపకములకు సర్వస్వమను వాదము మొదటిజాతియందు సైతము నిలువదు. అందుకు దృష్టాంతము "కొలంబో" యను అమెరికా ధారావాహిక. లెవిన్సన్, లింక్ అను నిరువురు రచయితలు సృష్టించిన యీ రూపకమును ఎన్.బి.సి. సంస్థ 1971 మొదలు 1978 వఱకు బ్రసారము చేసెను. ఇందు హంతకు డెవ్వడో, యెట్లు చంపెనో ప్రారంభముననే ప్రేక్షకునకు జూపుదురు. ఇట్లు కథను వెనుకముందు చేసి చెప్పు పద్ధతిని ఆస్టిన్ ఫ్రీమన్ అను ఆంగ్లరచయిత 1912 నాటి తన కథలయం దవలంబించి యుండెను. దాచుట కేమియు మిగులలేదు గదా, మఱి ప్రేక్షకుడు గంటకుబైగా నేల కూర్చుండును? పీటర్ ఫాక్ ధరించిన యా పరిశోధకుడు నలిగిన కోటుతో, తడబడు మాటలతో, తన భార్యను గూర్చిన యప్రస్తుత ప్రసంగములతో వచ్చి, ధనవంతుడును గర్విష్ఠియు నగు హంతకుని యెదుట నిలుచును. హంతకుడు వానిని దెలివితక్కువవాడని తలంచును. ఆ గర్వము క్రమక్రమముగ నెట్లు శిథిలమగునో చూచుటకే మనము కూర్చుందుము. రహస్యము పోయినను రూపకము మిగిలినది. కావున రహస్యము లేనిదే యీ రూపకములు బ్రదుకవనుట పొరపాటు.

విశాఖదత్తు డీ మర్మము నెన్నడో యెఱిగెను. ముద్రారాక్షసమున మొదటి యంకముననే చాణక్యుడు తన సంకల్పమును మనకు విన్నవించును. నందవంశము నశించినది, కాని నందుల మంత్రియగు రాక్షసుడు ప్రభుభక్తిని విడువలేదు. అట్టి రాక్షసుని జంపుటకు గాదు, చంద్రగుప్తునకు మంత్రిగా జేయుటకే చాణక్యుని ప్రయత్నము. ఫలము దెలిసినది. ఉపాయము మాత్రము కవి దాచెను. చాణక్యుడు సిద్ధార్థకుని చెవిలో నేమి చెప్పెనో మనకు వినబడదు. లేఖయొక్క ప్రయోజన మైదవ యంకమువఱకు దెలియదు. గమ్యమును జూపి మార్గమును మఱుగుపఱచుట యీ కవి నేర్పు. అందువలన మన దృష్టి "ఏమి జరుగును" అను ప్రశ్నమును విడిచి, "ఇది యెవ్వరిపై నెట్లు పడును" అను ప్రశ్నమువైపునకు మఱలును.

ఇక నా యుపాయములు వేనిపై నిర్మింపబడినవో చూతము. చాణక్యుని చారుడు యమపటమును జూపి పాడుకొను బిచ్చగాని వేషమున రత్నవర్తకుడగు చందనదాసుని యింటి కేగును. ఆ యింట దాగియున్న రాక్షసుని కుటుంబములోని బాలుడొకడు బయటికి బరుగిడగా, స్త్రీ యొకతె వాని నడ్డగించి లోనికి లాగుకొనును. ఆ తొందరలో నామె వ్రేలినుండి పురుషుని కొలతదగు నుంగరము జాఱి పడును. అదియే రాక్షసముద్ర. బిడ్డను గాపాడబోయిన చేతినుండియే సర్వనాశనమునకు మూలమగు వస్తువు జాఱినది! పిమ్మట సిద్ధార్థకుడు శకటదాసుని వధ్యస్థానమునుండి తప్పించి, యా కృతజ్ఞతను మెట్టుగ జేసికొని రాక్షసుని గొలువున జేరును. భాగురాయణుడు మలయకేతునకు బ్రాణమిత్రుడగును. క్షపణకవేషధారి జీవసిద్ధి రాక్షసునకు నమ్మిన చెలికాడు. తుదకు జందనదాసుని వధకు గొనిపోవుచుండగా, మిత్రుని ప్రాణమునకై రాక్షసుడు శత్రువునకు లొంగును. చాణక్యుని తంత్రమంతయు నిట్లు కృతజ్ఞత, మైత్రి, వాత్సల్యము, ప్రభుభక్తి యను సద్గుణములనే తాళ్లుగ బేని వేసిన వల. రాక్షసుడు దుష్టుడై యుండినచో నతనిని బట్టుట యసాధ్యమే. అతని మంచితనమే యతని సంకెల.

అర్థశాస్త్రము నీ విషయమున నిర్దయముగ స్పష్టముగ నున్నది. శామశాస్త్రిగారు 1909లో మైసూరున బ్రకటించిన యీ గ్రంథమున గూఢపురుషుల యధ్యాయములు ప్రత్యేకముగ గలవు. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అను వారొకచోట స్థిరముగ నుండువారు. సత్రులు, తీక్ష్ణులు, రసదులు, భిక్షుకులు సంచరించువారు. మువ్వురు చారులు వేఱువేఱుగ దెచ్చిన వార్తలొక్కటియైననే నమ్మవలెనని విధి. ఉభయవేతనులను, అనగా నిరుపక్షములయందును జీతము దినువారిని, నియోగించునపుడు వారి యాలుబిడ్డలను దన యధీనమున నుంచుకొనవలెనని మఱియొక విధి. ప్రేమను బందీగ బట్టి పని జేయించుకొనుట యిందు శాస్త్రమైనది. శాస్త్రము విధించి యూరకుండును. ఆ బిడ్డల కేమయ్యెనో చెప్పుట శాస్త్రకారుని పని గాదు. అది కవి పని. గూఢచారరూపకమునకు సాహిత్యమున జోటు దొరకుట యీ ఖాళీయందే.

ఇట నాధునిక రూపకములకు వత్తము. బి.బి.సి. 1979లో నేడు భాగములుగ బ్రసారము చేసిన "టింకర్ టైలర్ సోల్జర్ స్పై" యీ జాతికి శిరోమణి యని నా యభిప్రాయము. దీనికి మూలము జాన్ లె కారే 1974లో బ్రకటించిన నవల. ఆ రచయిత స్వయముగ బ్రిటిషు గూఢచార శాఖలలో బనిచేసినవాడు; కిమ్ ఫిల్బీ యను నుద్యోగి యేండ్ల తరబడి సోవియటు పక్షమునకు రహస్యముల నందించి 1963లో నా దేశమునకు బాఱిపోయిన వృత్తాంత మీ కథకు వెనుక నున్నది. గూఢచారశాఖ పైపదవులలో నున్న నలుగురైదుగురిలో నొకడు శత్రువుల మనిషి. వానిని గనిపెట్టుటకు, పదవినుండి తొలగింపబడిన జార్జి స్మైలీ యను వృద్ధుని రహస్యముగ నియోగింతురు. ఎలెక్ గిన్నెస్ యా పాత్రను ధరించెను. ఇంటిదొంగ నీశ్వరుడైనను బట్టలేడని మన సామెత. ఆ సామెతకు వ్యాఖ్యానమే యీ రూపకము.

ఇందు బరుగులు, తుపాకిమ్రోతలు మిక్కిలి స్వల్పము. స్మైలీ పాతదస్తరములను జదువును. పదవి పోయిన పాతయుద్యోగులను గలిసికొని మాటలాడించును. తన కండ్లద్దములను దుడుచుకొనును. పరిశోధన యంతయు బరుల జ్ఞాపకములలో సంచరించుటయే. తుదకు దొరకినవాడు బిల్ హేడన్, స్మైలీకి జిరకాల సహచరుడు. శత్రుపక్షపు నాయకుడగు కార్లా యిచ్చిన యాలోచన చొప్పున హేడన్ స్మైలీ భార్యయగు ఆన్‌తో సంబంధము పెట్టుకొనెను. ఏల? స్మైలీ తన్ను శంకించినను, అది భార్యావియోగముచే గుందినవాని యసూయ యని లోకము త్రోసిపుచ్చును. స్మైలీయు దన శంకను దానే నమ్మజాలక వెనుదీయును. ఇంత సూక్ష్మమైన కవచమును జాణక్యుడు సైతము దొడిగి యుండలేదు. ఒకని దుఃఖమునే వాని కండ్లకు గంతగ గట్టుట! మఱియొక వంక జిమ్ ప్రిడో యను మిత్రుని హేడన్ చెకోస్లొవేకియాకు బోవునట్టి పనిలో శత్రువులకు బట్టియిచ్చెను. తూటా దెబ్బతిని, చెఱనుండి విడుదలయై, చిన్నపాఠశాలలో నుపాధ్యాయుడై బ్రదుకుచున్న యా మిత్రుడే తుదకు హేడన్‌ను జంపును. దొంగ యెవ్వడో తెలిసిన పిదప నీ రూపకమును మఱల జూచినచో నాసక్తి తగ్గదు సరిగదా, హెచ్చును. మొదటిమాఱు సాధారణముగ దోచిన హేడన్ పలుకరింపు లన్నియు రెండవమాఱు గుండెను గోయును. ద్వితీయదర్శనమున బెరుగునది రసము, తఱుగునది కుతూహలము. ఈ పరీక్ష నే రూపకమునకైన నన్వయింపవచ్చును.

1982లో నాఱు భాగములుగ వెలువడిన "స్మైలీస్ పీపుల్" ముద్రారాక్షసముతో బ్రక్కప్రక్కన బెట్టి చదువదగినది. ఇందు స్మైలీకి గార్లాను బట్టుకొను నవకాశము దొరకును. ఇన్నాళ్లును రాతిమనిషియని తోచిన కార్లాకు మతిచలించిన కూతురొకతె కలదు. ఆమెను స్విట్జర్లండులోని వైద్యాలయమున రహస్యముగ నుంచి, తన ప్రభుత్వధనమును బొంకుపేరులతో నామె పోషణకు వినియోగించుచున్నాడు. స్మైలీ యీ ప్రేమనే పట్టుగొమ్మ జేసికొనును. రాక్షసుని జందనదాసుడు రప్పించినట్లు, కార్లాను గూతురు రప్పించును. బెర్లిను నగరమున వంతెనపై నడచి కార్లా యివతలకు వచ్చి లొంగిపోవును.

ఇరువురు కవులును గెలుపును స్నేహబంధమునకే ముడివేసిరి. ఇంతవఱకు సామ్యము. ఇక భేదమును జూడుడు. ముద్రారాక్షసమున జాణక్యుడు రాక్షసునకు మంత్రిత్వచిహ్నమగు ఖడ్గము నందించును, చందనదాసుడు విడుదలయగును, మలయకేతునకు బితృరాజ్యము మఱల లభించును. పట్టుకొన్నవాడు పట్టుబడినవానిని దనకంటె నధికునిగ గౌరవించును. లె కారే కథయం దట్టిది లేదు. పూర్వము ఢిల్లీ చెఱసాలలో స్మైలీ కార్లాను గలిసికొనినపుడు, ఆన్ తనకు గానుకగ నిచ్చిన సిగరెట్టు లైటరు నాతని ముందుంచగా, కార్లా దానిని దీసికొనిపోయి యుండెను. ఏండ్లకు వంతెన దాటివచ్చిన కార్లా యా లైటరును నేలపై విడుచును. స్మైలీ దానిని జూచును, తీసికొనడు. గెలిచితివని సహచరుడు చెప్పగా నతడు సంశయించుచు నొప్పుకొనును. ఒక నాటకమున నుంగరము విడిపోయినవారిని గలిపినది. ఈ రూపకమున లైటరు ధూళిలో మిగిలినది. కార్లా పూర్వము స్మైలీ ప్రేమను వాడుకొన్నట్లే, స్మైలీ నేడు కార్లా ప్రేమను వాడుకొనెను. ఇరువుర నడుమ నున్న భేదమే గెలుపుతో గూడ జెరిగిపోయినదని యా వస్తువు మాటలేకయే చెప్పుచున్నది.

ఈ భేదమునకు గారణ మేమి? చాణక్యుడు కోరినది శత్రువు నాశము గాదు, శత్రువుయొక్క సద్గుణము. కావున వంచనకు దుదిని మైత్రి ఫలముగ నుండగల్గెను. ఆధునికరాజ్యములకు శత్రువుయొక్క గుణముతో బనిలేదు. అతని యెఱుకలోని సమాచారముతోనే పని. సమాచారము పిండుకొన్న పిమ్మట మనిషి మిగులును. వానితో నేమి చేయవలెనో యెవ్వరికిని దెలియదు. విశాఖదత్తుని నాటకమంగళాంతము, లె కారే కథ విషాదాంతము నగుటకు స్వభావభేదముకంటె నీ ఫలభేదమే హేతువు.

అయితే మనవాడే యన్నియు ముందుగ జెప్పెనని యిట గర్వించి విరమించుట న్యాయము గాదు. ముద్రారాక్షసము చెల్లింపని యప్పులు కొన్ని గలవు. దొంగలేఖను నమ్మి మలయకేతుడు తనకు సాయమువచ్చిన యేవురు రాజులను జంపించును. వారికై యెవ్వరును గంటదడి పెట్టరు. ఇంతకంటె ముఖ్యమైనది భాగురాయణుని కథ. ఐదవ యంకమున నతడు తనయెడ నింత ప్రేమగల మలయకేతుని వంచింపవలసివచ్చెనే యని యాత్మగతముగ నొక్కక్షణము బాధపడును. ధనమునకు దన్ను విక్రయించుకొన్న పరతంత్రునకు విచారణ యెక్కడిదని సరిపెట్టుకొని పనిలో బ్రవేశించును. నాటకమున నత్యంత మానుషమైన క్షణమది. కాని కవి యచ్చట నాగలేదు. సప్తాంకములలో భాగురాయణునకు దక్కిన దుఃఖావకాశ మంతమాత్రమే.

అమెరికాలో ఎఫ్.ఎక్స్. సంస్థ 2013 మొదలు 2018 వఱకు బ్రసారము చేసిన "ది అమెరికన్స్" ధారావాహిక యా యాత్మగతమునే డెబ్బదియైదు భాగములుగ విస్తరించెనని చెప్పవచ్చును. దీని సృష్టికర్త జో వైస్‌బర్గ్ పూర్వము సి.ఐ.ఏ.లో నుద్యోగించినవాడు. అమెరికనులవలె నటించుచు నా దేశమున గాపురముండిన రష్యను గూఢచారులు 2010లో బట్టుబడిన యుదంతము దీనికి బ్రేరకము. కథాకాలము 1980 తరువాతి దశకము. ఫిలిప్, ఎలిజబెత్ అను సోవియటు గూఢచారు లిరువురు దంపతులుగ వాషింగ్టను చెంత నివసించుచు, ప్రయాణపు టేర్పాట్లు చేయు నంగడి నడుపుచుందురు. కౌటిల్యుని పరిభాషలో వారు గృహపతిక వైదేహక వ్యంజనులు. వారికి బిడ్డలిద్దఱు, ఆ బిడ్డలకు దల్లిదండ్రుల నిజము మొదట నెఱుకపడదు. ఎదురింట జేరినవాడు స్టాన్ బీమన్, గూఢచారులను బట్టుకొను ప్రభుత్వశాఖ యుద్యోగి, ఫిలిప్‌నకు మిత్రుడగును.

ఈ రూపకమున నాల్గవవిడతలోని యొక కథను మాత్రము గైకొందును. ఎలిజబెత్ మాఱుపేరుతో యంగ్ హీ యను కొరియా స్త్రీతో స్నేహము చేయును. ఆమె భర్త పనిచేయుచోట నున్న రహస్యము కావలెను. మాసములు గడచును. ఎలిజబెత్ వారి యింట భుజించును, వారి బిడ్డలతో గలియును, తన జీవితమున నెన్నడు నెఱుగని నిష్కపటస్నేహము ననుభవించును. పిదప నా భర్తను మత్తుమందుచే వంచించి, లేని తప్పును జేసినట్లు నమ్మించి, యా కాపురమును గూల్చును. చేయుటకు బూర్వము మఱియొక మార్గము లేదా యని తన పైవాని నడుగును, లేదనగా జేయును. యంగ్ హీ దిక్కుదోచక టెలిఫోనునందు స్నేహితురాలిని బిలుచుచుండగా, ఈమె బదులు పలుకదు. భాగురాయణుని యాత్మగత మిదియే. కాని యిచ్చట మనము మలయకేతుని యింటిలో మాసములు గాపురముండి, పిమ్మట నా వాక్యమును వినుచున్నాము. ధారావాహికకు దైర్ఘ్యమే దోషమని పలువు రందురు. స్నేహము పెరుగుటకు గాలము కావలయును గనుక, దాని భంగమును జూపదలచిన రూపకమునకు దైర్ఘ్యము దోషము గాక సాధనమే యగును. నాటకమునకు లేని యీ వసతిని టెలివిజను రూపక మిట సార్థకముగ వాడుకొనెను.

తుదిభాగమున స్టాన్ బీమన్ కారులు నిలుపుచోట వీరి నెదుర్కొనును. నిజము బయలుపడును. ఆతడు వారిని బట్టుకొనగల్గియు విడిచిపెట్టును. వారు స్వదేశము చేరుదురు; బిడ్డలిరువురును వెనుక మిగులుదురు. ఉభయవేతనుల బిడ్డలను రాజు బందీలుగ నుంచవలెనని శాస్త్రము విధించెను గదా! ఇచ్చట నే రాజును వారిని బంధింపలేదు. తల్లిదండ్రుల యసత్యమే వారిని దూరపఱచినది. శాస్త్రమువదలిన ఖాళీని రూపకము పూరించినదని నేను జెప్పినది దీనిని గూర్చియే.

మన దేశమున నీ జాతికి జెందిన రూపకములలో "ది ఫ్యామిలీ మ్యాన్" ప్రసిద్ధమైనది. దీనిని నిర్మించిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తెలుగువారు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున సాంకేతికవిద్య నభ్యసించినవారు. రూపకము ముఖ్యముగ హిందీభాషయందు 2019లో వెలువడెను; రెండవవిడత 2021లో వచ్చెను. శ్రీకాంత్ తివారీ మధ్యతరగతి గృహస్థు. అతని యుద్యోగరహస్య మింటివారికి దెలియరాదు. ఇంటిఋణము, బిడ్డల బడి, భార్యతో వాగ్వాదము నొకవంక. దేశమునకు వచ్చు నుపద్రవము వేఱొకవంక. ఈ రెంటిని గలిపిన హాస్యము మనదేశపు టింటివాసన గలది. విదేశీయ మాతృకల కనుకరణము గాదు.

దీనియం దుత్తమభాగము లెవ్వి? మొదటివిడతలో గరీం అను విద్యార్థిని శంకించి పరిశోధకులు చంపుదురు. అతడు వారనుకొన్న నేరమున కుద్యమించినవాడు గాడని పిమ్మట దెలియును. అధికారులు దానిని గప్పిపుచ్చుదురు. మువ్వురి వార్తలు గలియనిదే నమ్మరాదను పాతవిధి యెంత విలువగలదో యీ కథ దెలుపుచున్నది. రెండవవిడతలో శ్రీకాంతుని కూతురు ధృతిని యువకు డొకడు మాఱుపేరుతో బ్రేమించినట్లు నటించి శత్రువులకు బట్టియిచ్చును. తండ్రి పరుల యిండ్ల బ్రయోగించు విద్యయే తన యింటికి దిరిగి వచ్చినది. ఈ రెండు ఘట్టములను రచయితలు తుదివఱకు వెంబడించి యుండినచో నీ రూపకము పైజెప్పినవానితో సమానమై యుండెడిది. కాని వేగమునకు లోబడి వారు త్వరపడిరి. గాయమును జూపినంతనే వేఱొక పరుగు ప్రారంభమగును. కరీం మృతి శ్రీకాంతుని కొంతకాలము బాధించి, పిదప గథాప్రవాహమున నడుగంటును. భాగురాయణుడు నిట్టూర్చి పనిలో బడినట్లే!

మఱియొక దోషమును జెప్పవలయును. విశాఖదత్తుడు ప్రతినాయకుడగు రాక్షసుని జాణక్యునికంటె హృదయసంపన్నునిగ జిత్రించెను. శత్రువు మహాత్ముడు గానిచో విజయము చిన్నదగునని యాతడెఱుగును. నేటి రూపకములు పెక్కింట శత్రువులు మతమునకో ప్రాంతమునకో ప్రతినిధులైన బొమ్మలు. ఫ్యామిలీ మ్యాన్ రెండవవిడత ప్రకటింపబడినపుడు, అందు దమిళుల చిత్రణ యనుచితమని తమిళనాడు ప్రభుత్వము 2021 మే నెలలో కేంద్రమున కభ్యంతరము దెలిపెను. రూపకములను నిషేధించుటను నే నంగీకరింపను. సమంత ధరించిన రాజీ పాత్రకు దుఃఖచరిత్ర యొకటి కల్పింపబడినదనియు నొప్పుకొందును. అయినను, శత్రువుయొక్క బాధను జెప్పుట వేఱు, శత్రువుయొక్క గౌరవమును నిలుపుట వేఱు. రాజీ బాధలు మనకు దెలియును; చందనదాసునివంటి మిత్రు డొక్కడైన నామెకు లేడు. ఎవ్వరినైన బ్రేమింపనిచ్చినగాని పాత్ర సంపూర్ణమైన మనిషి కాజాలదు.

ఇట్టి రూపకములు యువకులకు వంచనను నేర్పునను నాక్షేప మొకటి గలదు. వంచన ఫలించినంతతో విరమించు రూపకములను గూర్చి యీ యాక్షేపము సత్యమే. అట్టివానియందు బొంకు నేర్పుగను, నమ్మినవాడు మూఢుడుగను గనబడును. వంచితుని యింటివఱకు మనలను గొనిపోవు రూపకమైతే యాక్షేపమునకు దానే సమాధానము చెప్పుచున్నది. యంగ్ హీ పిలుపు విన్నవాడు స్నేహమును దేలికగ దలంపలేడు.

కావున బండితులకు నా విన్నప మిది. గూఢచారరూపకమును విమర్శింపవలసివచ్చినపుడు మూడు ప్రశ్నములు వేయుడు. రహస్యము దెలిసిన పిమ్మట నిది రెండవమాఱు చూడదగియున్నదా? శత్రువునకు బ్రేమించు హృదయము గలదా? మోసపోయినవాని కేమయ్యెనో రచయిత మఱచిపోలేదు గదా? ముద్రారాక్షసము మొదటి రెంటికి నిండుగ సమాధానము చెప్పినది. మూడవదానికి నొక్క నిట్టూర్పు విడిచినది. ఆ నిట్టూర్పును విని దానికి గథ గట్టినవారు కొందఱు మన కాలమున బుట్టినారు. వారు కావ్యములు వ్రాసిరో లేదో కాలమే నిర్ణయించును. పాఠశాలలో నైదవ యంకము బోధించునపుడు గురువు భాగురాయణుని మాటయొద్ద నొక్కింతసేపాగి, యా పైని మలయకేతుని ముఖము నూహింపుడని శిష్యుల నడుగునేని, వా రింటికేగి చూడబోవు రూపకమును సైతము వేఱుకన్నులతో జూతురు. విజ్ఞులు పరిశీలింతురు గాక.